కెమెరాకు దొరకని దెబ్బ

పూల్ ఆటలో అసలు పనంతా సెకనులో సుమారు వెయ్యో వంతులో అయిపోతుంది. చాక్ రాసిన స్టిక్ కొన తెల్లబంతిని తాకి వదిలేసే వ్యవధి అంతే. ఆ తర్వాత ఆటగాడు ఎంత వంగి చూసినా, భుజం ఎంత తిప్పినా, బంతి వినదు. అది ఎటు పోవాలో, ఎంత తిరగాలో అప్పటికే తేలిపోయింది.

మామూలు ఫోన్ వీడియో సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. అంటే ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య 33 మిల్లీసెకన్ల ఖాళీ. స్లో మోషన్‌లో 240 ఫ్రేములు తీసినా నాలుగు మిల్లీసెకన్ల ఖాళీ మిగులుతుంది. సెకనుకు మూడు మీటర్ల వేగంతో వచ్చే స్టిక్ మామూలు వీడియోలో ఫ్రేముకు పది సెంటీమీటర్లు దూకుతుంది. స్లో మోషన్‌లో పన్నెండున్నర మిల్లీమీటర్లు, ఇంచుమించు స్టిక్ కొన వెడల్పంత. తాకిడి ఆ ఖాళీల్లో ఎక్కడో జారిపోతుంది. పదేపదే వెనక్కి తిప్పి చూసినా కనిపించేది తాకబోయే స్టిక్, తాకిపోయిన బంతి. మధ్యలోది లేదు.

ఎక్కడో ఊళ్లో ఆడే కుర్రవాడు పంపిన క్లిప్ చూసి, అతన్ని ఒక్కసారైనా కలవకుండానే, ‘నీ తప్పు ఇదీ’ అని చెప్పగల కోచ్ పనితనం ఇక్కడే ఉంది. కెమెరాకు దొరకనిదాన్ని ముందూ వెనకా దొరికిన ఆనవాళ్లతో పట్టుకోవాలి. మెచ్చుకోవలసిన విద్య ఇది. దీని గురించి తెలుగులో ఎవరూ పెద్దగా రాయరు కాబట్టి కాస్త దగ్గరికెళ్లి చూద్దాం.

ఈ విద్య అవసరం కర్నూలు, కడప లాంటి ఊళ్లకే ఎక్కువ. చిన్న ఊరి పార్లర్‌లో ఆట నేర్పేది పక్క టేబుల్ వాళ్లే. గంటకింతని అద్దె, ఓడినవాడే కట్టాలన్న రివాజు. కాబట్టి గెలిచే చిట్కాలు దొరుకుతాయి కానీ చెయ్యి సరిదిద్దే తీరిక ఎవరికీ ఉండదు. ‘కింద కొట్టు, వెనక్కొస్తుంది’, ‘కాస్త సైడ్ పెట్టు’ అంటారు. ఎంత కింద, ఎంత సైడ్ అన్నది మాత్రం ఎవరి అదృష్టం వాళ్లది. కోచ్ కావాలంటే కర్నూలు వాళ్లకు హైదరాబాద్ రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు. కడప వాళ్లు బెంగళూరు పోవాలన్నా చెన్నై పోవాలన్నా అంతకు తగ్గదు.

మన దేశంలో పూల్, స్నూకర్, బిలియర్డ్స్ ఆటలు పెరిగిన తీరే అలాంటిది. స్నూకర్ పుట్టిందే ఇక్కడ, 1875లో జబల్‌పూర్‌లోని బ్రిటిష్ సైనికాధికారుల మెస్‌లో. నియమాలు స్థిరపడింది ఊటీ క్లబ్బులో. మన వైపు ఫలక్‌నుమా ప్యాలెస్‌లో బిలియర్డ్స్ గది ఇప్పటికీ ఉంది. అంటే దొరలకు, నవాబులకు, తర్వాత పెద్ద నగరాల క్లబ్బుల్లో సభ్యత్వం ఉన్నవాళ్లకు అందిన ఆటలివి. బెంగళూరులో అరవింద్ సావూర్ లాంటి గురువు దొరికాడు కాబట్టి పంకజ్ అద్వానీ 2003లో ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ టైటిల్ దాకా వెళ్లాడు. పంకజ్ ప్రతిభను తక్కువ చేయడం కాదు గానీ, గురువు అదే నగరంలో ఉండటం చిన్న విషయం కాదు. క్రికెట్లో ఆదోని నుంచి అంజలి శర్వాణి, కడప జిల్లా నుంచి శ్రీచరణి భారత జట్టు దాకా వెళ్లారు. ఆ ఆటకు నెట్స్, సెలెక్షన్లు, జిల్లా సంఘాలు ఉన్నాయి. స్టిక్ పట్టుకున్న పిల్లాడు ‘స్నూకర్ నేర్చుకోవడానికి బెంగళూరు పోతా’ అంటే సీమలో ఏ తండ్రి సరేనంటాడు? ఫోన్లో క్లిప్ తీసి పంపడానికైతే ఎవరినీ అడగనక్కర్లేదు.

ఇక పని చూద్దాం. ఒక క్లిప్ వచ్చిందనుకోండి. తెల్లబంతి, దానికి మీటరు దూరంలో ఇంకో బంతి, ఆ వెనక పాకెట్, మూడూ ఒకే గీత మీద. తిన్నగా కొట్టాల్సిన షాట్. కుర్రవాడు పదిసార్లు కొట్టాడు, నాలుగు తప్పాడు. నాలుగూ కుడివైపే పోయాయి. కింద అతని సందేశం: ‘సార్, ఎయిమ్ కరెక్టుగానే పెడతాండా. యాడ తప్పుతాందో తెలీడం లేదు.’

కొత్త కోచ్ అయితే వెంటనే స్టిక్ వైపు చూస్తాడు. అనుభవం ఉన్నవాడు ముందు కెమెరాను అనుమానిస్తాడు. ఫోన్ షాట్ గీతకు నాలుగు వేళ్లు పక్కకు పెట్టినా తిన్నగా ఉన్న స్టిక్ వంకరగా కనిపిస్తుంది. పైగా ఫోన్ లెన్సు వెడల్పుగా చూస్తుంది కాబట్టి ఫ్రేము అంచుల్లో సరళరేఖలు వంగుతాయి. అందుకే అతను మొదట పాకెట్ నడిమధ్యను, రెండు బంతులను కలుపుతూ ఒక గీత గీస్తాడు. కైనోవియా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనికి చాలు. ఆ గీత ఫ్రేములో నిలువుగా నిలబడకపోతే క్లిప్ వెనక్కి పంపుతాడు. ‘ఫోన్‌ను నీ వెనక, షాట్ గీత మీదే పెట్టు. ఎత్తు టేబుల్ కంటే జానెడు పైన. ఇంకో క్లిప్ పక్కనుంచి, మోచేతి ఎత్తులో.’ దీపాల సంగతీ చెబుతాడు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నాసిరకం ఎల్ఈడీ బల్బులు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు గానీ 240 ఫ్రేముల వీడియోలో టేబులంతా వెలిగి ఆరుతూ కనిపిస్తుంది. వాట్సాప్‌లో వీడియోగా పంపితే సన్నని వివరాలన్నీ అలుక్కుపోతాయి, డాక్యుమెంట్‌గా పంపమంటాడు.

తర్వాత టేబుల్‌ను అనుమానిస్తాడు. నా దృష్టిలో ఈ ఓపికే పనివాడి లక్షణం. మంచి పూల్ టేబుల్ బట్ట కింద ఉండేది పలకరాయి. అది మట్టంగా లేకపోతే మెల్లగా దొర్లే బంతి చివర్లో ఒకవైపు వాలుతుంది. అందుకని ‘టేబుల్ పొడవునా రెండు వైపుల నుంచీ, అడ్డంగా రెండు వైపుల నుంచీ, ఒక్కో బంతిని మెల్లగా దొర్లించి తీసి పంపు’ అంటాడు. చివరి అడుగులో బంతి ఒరిగితే ఆ తప్పు కుర్రవాడిది కాదు. రాయి మట్టం చూడటం మనవాళ్లకు కొత్తా? కడప బండలు, బేతంచెర్ల బండలు ఇళ్లకు పరిచే మేస్త్రీలు రసమట్టం పెట్టి పరుస్తూ వచ్చిన ప్రాంతమిది. అయినా పార్లర్లలో టేబుల్ కాళ్ల కింద మడిచి పెట్టిన అట్టముక్కలు కనబడటం వింతేమీ కాదు. వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే పొడిగాలిలో బట్టలో తేమ ఉండదు, బంతి చురుగ్గా పరుగెత్తుతుంది. సముద్రపు ఊళ్లో అదే టేబుల్ బరువుగా ఆడుతుంది. దుమ్ము, చాక్ పొడి పట్టిన బంతులు ఒకదాన్నొకటి తాకినప్పుడు రాపిడి ఎక్కువై దారి మారుస్తాయి. దానికి విరుగుడు కోచింగ్ కాదు, తడిగుడ్డ.

ఇవన్నీ దాటాక కూడా నాలుగు బంతులూ కుడివైపే తప్పాయి. ఇప్పుడు అసలు చదువు మొదలవుతుంది.

తిన్నని షాట్‌లో బంతి కుడికి పోయిందంటే తెల్లబంతి దాన్ని కాస్త ఎడమపక్క తాకిందని అర్థం. అక్కడి దాకా ఎవరైనా చెబుతారు. ఎందుకు తాకింది? మూడు కారణాలు ఉండొచ్చు. ఒకటి, గురే ఎడమకు పెట్టి ఉండొచ్చు. రెండు, గురి సరిగ్గానే ఉన్నా కొట్టే క్షణంలో చెయ్యి స్టిక్‌ను ఎడమకు లాగి ఉండొచ్చు. మూడోది గమ్మత్తయినది. స్టిక్ తిన్నగానే వచ్చి, కొన మాత్రం తెల్లబంతి నడిమికి రెండు మూడు మిల్లీమీటర్లు కుడిగా తగిలితే, బంతి ఎడమకు కొద్దిగా జారి బయల్దేరుతుంది. అమెరికన్ ఆటగాళ్లు దీన్ని స్క్వర్ట్ అంటారు. కొన ఇలా పక్కకు తగలడమే తెలియకుండా సైడ్ పడటం. మూడింటిలోనూ బంతి తప్పే వైపు ఒకటే. పైగా మూడోదాంట్లో ఒక మెలిక ఉంది. కుడి సైడ్‌తో తిరుగుతున్న తెల్లబంతి ఎదుటి బంతిని రాపిడితో ఎడమకు నెడుతుంది. స్క్వర్ట్ కుడికి, రాపిడి ఎడమకు. మెల్లగా, దగ్గర నుంచి కొడితే రాపిడి గెలవొచ్చు. గట్టిగా, దూరం నుంచి కొడితే స్క్వర్ట్ గెలుస్తుంది. ఒకే తప్పు చేసిన కుర్రవాడికి ఒకరోజు కుడికి, ఒకరోజు ఎడమకు పోయి మతి పోతుంది. ‘నా గురి నిలవడం లేదు’ అనుకుంటాడు పాపం. నిజానికి గురి కదలనే లేదు.

మరి కోచ్ తేల్చేదెలా? పాకెట్ వైపు పోయిన బంతిని వదిలేసి, వెనకబడ్డ తెల్లబంతిని చూస్తాడు. చూసేవాళ్ల కళ్లన్నీ పడే బంతి మీద ఉంటాయి. నేర్పేవాడి కళ్లు దీని మీద ఉంటాయి. తిన్నగా తగిలి ఆగే షాట్‌లో తెల్లబంతి అక్కడే నిలబడాలి. కొద్దిగా ఎడమకు జరిగిందంటే పలచగా తగిలిందన్నదానికి సాక్ష్యం. ఇంకా ముఖ్యం, నిలబడ్డ చోటే అది గిరగిరా తిరుగుతోందా? పైనుంచి చూసినప్పుడు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరిగితే కొన కుడిపక్క తగిలినట్టే. ఇక వాదన అక్కర్లేదు. అయితే తెల్లబంతి మీద గుర్తులేమీ ఉండవు, తిరిగినా కనిపించదు. టీవీ పోటీల్లో ఆరు ఎర్రచుక్కల తెల్లబంతి వాడేది అందుకే. మన పార్లర్లలో అది ఉండకపోతే ఏం? మామూలు పూల్ సెట్‌లో తొమ్మిది నుంచి పదిహేను దాకా చారల బంతులున్నాయి. పసుపు చార తొమ్మిదో నంబరును తెల్లబంతి స్థానంలో పెట్టి, చారను షాట్ దిశలోకి నిలువుగా తిప్పి కొట్టమంటాడు. నడిమధ్య తగిలితే చార నిటారుగా దొర్లుతూ పోతుంది. రెండు మిల్లీమీటర్లు పక్కకు తగిలినా చార తూలుతుంది. వెయ్యో వంతు సెకనులో జరిగినదానికి కెమెరా సాక్ష్యం చెప్పలేకపోయింది, చార చెబుతోంది. పైసా ఖర్చు లేదు.

చార తూలలేదనుకోండి. అప్పుడు స్టిక్ దగ్గరికి వస్తాడు. కొట్టాక స్టిక్ ఎటు చూపిస్తూ ఆగింది? ఎడమకు చూపిస్తే చెయ్యి లాగిందన్నమాట. సగం మంది కోచ్‌లు ఇక్కడ ఆగి, ‘స్టిక్ తిన్నగా తోయి’ అని రాసి పంపేస్తారు. అది సలహా కాదు, జ్వరం వచ్చినవాడితో వేడి తగ్గించుకో అనడం. చెయ్యి లాగడం చాలాసార్లు తప్పు కాదు, ముందు జరిగిన తప్పుకు శరీరం తనకు తెలియకుండా చేసుకున్న దిద్దుబాటు. అందుకే మంచి కోచ్ క్లిప్‌ను ఇంకా వెనక్కి తిప్పుతాడు. కుర్రవాడు ఇంకా వంగలేదు, నిలబడి చూస్తున్నాడు. కుడికాలు ఎక్కడ పెట్టాడు? షాట్ గీత మీదా, బెత్తెడు పక్కనా? కాలు పక్కన పడితే వంగాక స్టిక్ గీతకు అడ్డంగా, కుడివైపుకు చూస్తూ వస్తుంది. బుర్రకు అది తెలుసు, కాబట్టి చివరి క్షణంలో చేతిని ఎడమకు లాగిస్తుంది. ఆరుసార్లు దిద్దుబాటు సరిపోతుంది, నాలుగుసార్లు ఎక్కువవుతుంది. చివర్లో కనిపించిన తప్పు మొదట్లో, స్టిక్ ఇంకా టేబుల్ మీదికి రాకముందే పుట్టింది. ‘షాట్ ఒక్కటే కట్ చేసి పంపొద్దు, చాక్ రాసే దగ్గర్నుంచి తియ్యి’ అని కోచ్‌లు చెవినిల్లు కట్టుకుని చెప్పేది ఇందుకే.

పక్క కెమెరాది వేరే కథ. అందులో చూడాల్సింది ముంజేయి. తాకే వేళకు అది నేలకు నిలువుగా వేలాడుతుంటే స్టిక్ సమతలంగా పోతుంది. పట్టు మరీ ముందుంటే కొన కిందికి పొడుస్తుంది, మరీ వెనకుంటే పైకి లేస్తుంది. కింద కొట్టినా బంతి వెనక్కి రావడం లేదని ఏడ్చే ఆటగాళ్లలో చాలామంది నిజానికి కింద కొట్టడం లేదు. గురి కింద పెట్టి, దెబ్బ నడుమ వేస్తున్నారు. వాళ్లకు ఈ ఒక్క ఫ్రేము చూపిస్తే చాలు, మాట అక్కర్లేదు.

అన్నిటికంటే నాకు నచ్చేది చెవితో చేసే పని. వీడియోకు కన్ను మందం గానీ చెవి పదును. ఫోన్ ధ్వనిని సెకనుకు 48,000 సార్లు దాకా నమోదు చేస్తుంది. స్టిక్ కొన తాకిన ‘టక్’, బంతికి బంతి తగిలిన ‘ఠక్’, రెండూ ధ్వని రేఖలో ముళ్లలా నిలబడి ఉంటాయి. వాటి మధ్య కాలాన్ని సెకనులో వెయ్యో వంతు దాకా కొలవొచ్చు. బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు. రెండు బంతుల నడుముల మధ్య మీటరు ఉంటే తెల్లబంతి తాకే ముందు పోయేది దాదాపు 94 సెంటీమీటర్లు. అది 0.47 సెకన్లలో పోతే సగటు వేగం సెకనుకు రెండు మీటర్లు. 0.63 సెకన్లు పడితే ఒకటిన్నర. పది షాట్లకు పది అంకెలు రాసుకుంటే కుర్రవాడి చేతి నిలకడ కాగితం మీదికి వస్తుంది. ‘ఒకే వేగంతోనే కొట్టాను సార్’ అన్న మాటకు జవాబు అక్కడుంటుంది. చూడమని పంపిన క్లిప్‌ను విన్నవాడు నిజమైన పనివాడు.

ఈ చూపు గాలిలోంచి రాలేదు. బిలియర్డ్ బంతుల గణితం మీద ఫ్రాన్సులో కొరియోలిస్ 1835లోనే ఒక గ్రంథం రాశాడు. భూభ్రమణ ప్రభావానికి పేరిచ్చిన కొరియోలిసే ఆయన. 1998లో బాబ్ జ్యూవెట్ తదితరులు అమెరికాలోని జాక్సన్‌విల్‌లో అతివేగ కెమెరాలు పెట్టి స్టిక్ కొనకూ బంతికీ మధ్య జరిగేదాన్ని చిత్రీకరించారు. ఆ తర్వాత ఈ పనిని సామాన్యుల దగ్గరికి తెచ్చినవాడు కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చెప్పిన డేవిడ్ ఆల్సియటోరె. ఆటగాళ్లందరికీ ఆయన డాక్టర్ డేవ్. 2004లో పుస్తకం రాశాడు, బిలియర్డ్స్ డైజెస్ట్ పత్రికలో శీర్షిక నడిపాడు, వందల స్లో మోషన్ క్లిప్పులు అందరికీ ఉచితంగా పెట్టాడు. దొర్లుతున్న తెల్లబంతి ఎదుటి బంతిని సగం సగంగా తాకితే దాదాపు 30 డిగ్రీల పక్కకు మళ్లుతుందన్న సూత్రాన్ని ఆయన చెప్పే పద్ధతి చూడండి. చూపుడువేలు, మధ్యవేలు విజయచిహ్నంలా చాచి, ఒక వేలు గురి దిక్కున పెడితే రెండోది తెల్లబంతి పోయే దారి చూపిస్తుంది. కోణమానిని చేతిలోనే ఉంది.

దూరం నుంచి నేర్పడానికి ఆయన, సహచరులు కలిసి బిలియర్డ్ యూనివర్సిటీ అని ఒకటి పెట్టారు. పేరుకే యూనివర్సిటీ, భవనాలు లేవు. రెండు పరీక్షలుంటాయి. మొదటిది ప్రాథమికాల మీద, అందులో వచ్చిన మార్కులను బట్టి రెండోది ఏ స్థాయిలో రాయాలో తేలుతుంది: బ్యాచిలర్స్, మాస్టర్స్, డాక్టరేట్. పరీక్షను వీడియో తీసి పంపవచ్చు. అందులో నాకు గొప్పగా అనిపించేది మార్కులు వేసే కొన్ని డ్రిల్లుల నిర్మాణం. షాట్ పడితే తర్వాతిది ఒక మెట్టు కష్టం, తప్పితే ఒక మెట్టు సులువు. ఈ మెట్ల పద్ధతిని ప్రచారం చేసినవాళ్లలో బాబ్ జ్యూవెట్ ముఖ్యుడు. ఆటగాడు ఎవరైనా కాసేపటికి తన శక్తికి సరిగ్గా అంచున వచ్చి నిలబడతాడు. అక్కడ తీసిన క్లిప్‌లోనే తప్పులు బయటపడతాయి. మరీ సులువైన షాట్‌లో తప్పులు దాక్కుంటాయి, మరీ కష్టమైనదాంట్లో అన్నీ తప్పులే కనిపిస్తాయి.

ఇంత చూశాక కోచ్ రాసి పంపేది ఎంత? మంచివాడైతే నాలుగు వాక్యాలు. చూసినవి పది లోపాలున్నా చెప్పేది ఒకటి. ‘బాబూ, గురి బాగుంది, దాన్ని ముట్టుకోకు. వంగేముందు కుడికాలు షాట్ గీత మీద పెట్టు, నేల మీద చాక్‌తో గీత గీసుకో. వారం రోజులు పాకెట్లో పడిందా లేదా చూడొద్దు, కాలు చూసుకో. ఫోన్ ఉన్నచోటే ఉంచి మళ్లీ తీసి పంపు.’ ఫ్రేము నిండా ఎర్రగీతలు, బాణాలు, కోణాలు గీసి ఇరవై నిమిషాల వ్యాఖ్యానం పంపేవాళ్లూ ఉన్నారు. వాటిలో ప్రదర్శన ఉంటుంది, బోధన ఉండదు. పది విషయాలు గుర్తుపెట్టుకుని వంగిన కుర్రవాడికి స్టిక్ కదలదు.

దూరం వల్ల పోయేవి కొన్ని పోతాయి. పట్టు ఎంత బిగుతో వీడియోలో తెలియదు. ఎదురుగా ఉంటే కోచ్ స్టిక్ చివర రెండు వేళ్లతో లాగి చూసి చెప్పేవాడు. దానికి బదులు పిడికిలి దగ్గర ఫోన్ పెట్టించి, దెబ్బ వేళకు వేళ్ల కణుపులు తెల్లబడుతున్నాయా, స్టిక్ వెనక చివర ఎగురుతోందా చూస్తాడు. సగం జవాబు వస్తుంది.

రెండు మూడు నెలల తర్వాత, ప్రాక్టీసులో పదికి తొమ్మిది పడుతున్నాయని కుర్రవాడు సంబరంగా క్లిప్పులు పంపుతున్నప్పుడు, కోచ్ వాటిని పక్కన పెట్టి వేరే అడుగుతాడు: ‘ఓడిపోయిన గేమ్ పంపు.’ ఎందుకంటే కాలు, ముంజేయి, స్టిక్ అన్నీ ప్రాక్టీసులో బుద్ధిగా ఉంటాయి. పందెం ఆటలో లెక్క మారుతుంది. ప్రాక్టీసులో కొట్టేముందు నాలుగుసార్లు స్టిక్ ఊపే చెయ్యి, చివరి బంతి దగ్గర ఏడుసార్లు ఊపుతుంది. లేదంటే రెండుసార్లే ఊపి తొందరగా వదిలేస్తుంది. భయాన్ని ఏ కెమెరా తీయలేదు గానీ ఊపులను లెక్కపెట్టవచ్చు. కోచ్ ఆ గేమ్ మొత్తం చూసి, షాట్ షాట్‌కూ ఎదురుగా ఒక్కో అంకె వేసి పంపుతాడు: నాలుగు, నాలుగు, ఐదు, నాలుగు, ఏడు. ఏడు దగ్గర తప్పిన బంతి ఏదో కుర్రవాడికి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.